కర్రలకు గొంగడి టోపీలు

హైదరాబాద్, టోలీచౌకి
2004 ఆగస్టు

వదినకు,

నేను బాగానే ఉన్నాను. హాస్టల్ పప్పుచారు ఒక్కటి తప్ప ఇక్కడ నాకు శత్రువులు లేరు. ఫోను చేయకుండా ఉత్తరమెందుకు రాస్తున్నదీ పిల్ల అనుకుంటావు. ఫోను కిరాణం కొట్టులో ఉంది. నువ్వు అక్కడ నిలబడి మాట్లాడితే, ఇల్లు చేరేలోపల ఊరంతా మన సంగతికి ముక్కూ చెవులూ పెట్టేస్తుంది. ఈ సంగతి అట్లా పాడు కాగూడదు.

నేను పనిచేసే దుకాణంలో ఏమి అమ్ముతారో అన్నకు ఇంతవరకూ బుర్రకెక్కలేదు. మొన్న వచ్చినప్పుడు కూడా ‘కట్టెల దుకాణం’ అనే అన్నాడు. గోల్ఫ్ అని ఒక ఆట వదినా. ఊరి చెలకలన్నీ కలిపినంత పచ్చగడ్డి మైదానం, నిమ్మకాయంత తెల్ల బంతి. దాన్ని కర్రతో కొట్టి, కొట్టినవాళ్లే దాని వెనకాల నడిచిపోయి, మళ్లీ కొట్టి, చివరికి ఒక చిన్న గుంతలో పడేస్తారు. అంతే ఆట. మొదట్లో పెద్ద మనుషులకు ఇదేం పని అనుకున్నాను. బిల్లులు రాస్తూ వాళ్ల మాటలు వినీ వినీ నాకూ ఇష్టం పుట్టింది. మనిషి తనతో తానే పోటీ పడే ఆట ఇది. తప్పు కొడితే ఇంకొకరి మీద తోయడానికి ఉండదు.

ఒక్కొక్కరి సంచిలో పదికి మించి కర్రలుంటాయి. దూరం కొట్టే కర్రల తల పీచు తీసిన కొబ్బరికాయంత ఉంటుంది. సంచిలో ఒకదానికొకటి తగిలి గీతలు పడకుండా ఆ తలకు టోపీ తొడుగుతారు. మా దుకాణంలో ప్లాస్టిక్ తోలువి ఉన్నాయి. మొన్న ఒక రిటైరైన మేజరు సారు వచ్చి, “మా కాలంలో ఉన్ని టోపీలుండేవమ్మా, వాన పడ్డా లోపల తడిసేది కాదు, ఇప్పుడు ఎక్కడా దొరకవు” అన్నాడు. గొర్రెల ఇంట్లో పుట్టి, గొంగడి కప్పుకుని పెరిగినదాన్ని ఆయన ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

జనవరిలో ఇక్కడ గోల్ఫ్ ఎక్స్‌పో పెడుతున్నారు. ఎక్స్‌పో అంటే జాతర అనుకో, దేవుడు ఉండడు, అంతే తేడా. ఆట ఆడేవాళ్లు, ఆడాలనుకునేవాళ్లు, ఊరికే చూసేవాళ్లు అందరూ వస్తారు. మా సేటు అక్కడ దుకాణం పెడుతున్నాడు. బల్ల మీద ఒక మూల నాకిస్తానన్నాడు. అన్నతో చెప్పి ఒక పాత గొంగడి కోయించి టోపీలు కుట్టించు వదినా. కొబ్బరికాయ కొలత మరిచిపోకు.

నీ కావ్య

*

ఖిల్లా ఘణపూర్
2004 సెప్టెంబరు

కావ్యకు మీ వదిన రాయునది,

నీ ఉత్తరం అందింది. మీ అన్నకు చదివి వినిపించాను. ‘కొబ్బరికాయంత తల’ అనేదాకా బీడీ తాగుతూ విన్నాడు. ‘గొంగడి కోయించి’ అన్నచోట బీడీ కింద పడింది.

“గొంగడికి కత్తెర పెడ్తదా? ఎవల ఇంట్ల పుట్టింది ఇది?” అన్నాడు.

నేను ఊరుకుంటానా. “గొర్రె మీద పెట్టంగ లేంది గొంగడి మీద పెడ్తే ఏమాయె?” అన్నాను.

“గొర్రెకు మల్ల మొలుస్తది. గొంగడికి మొలుస్తదా?”

నీకు తెలుసు కదా, మన ఇంట్లో పెండ్లికొడుకును గొంగడి మీద కూర్చోబెడతారు, బీరప్ప దేవుడి ముందర గొంగడి పరుస్తారు, చిరిగితే దారంతో అతుకుతారు గానీ ఎవరూ కోయరు. నువ్వు పట్నంలో నాలుగు దినాలుండేసరికి మరిచిపోయావు. తప్పు పట్టను. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరే బుద్ధి నీకు లేదని నాకు తెలుసు.

ఎక్స్‌పో సంగతి కూడా చెప్పాను. “ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట. జాతరల సూసెటోల్లే గని కొనెటోల్లు ఉంటరా? బస్సు కిరాయి దండుగ” అని లేచిపోయాడు.

అసలు సంగతి వేరే ఉంది, అది రాయకుండా ఉత్తరం మూయలేను. మీ అన్న నల్ల గొర్రెలన్నీ అమ్మేస్తున్నాడు. గద్వాల బేరగాడు జంగయ్య వచ్చి మందను చూసిపోయాడు. శివరాత్రి ముందర లారీ తెస్తాడట. ఇద్దరూ కల్లు తాగి మాట ఇచ్చుకున్నారు. వాటి బదులు నెల్లూరు తెల్ల గొర్రెలు తెస్తాడట. అవి మాంసానికి బాగుంటాయి, తొందరగా పెరుగుతాయి, నిజమే. కానీ వాటికి ఉన్ని ఉండదు కావ్యా. మేక మీద ఉన్నట్టు వెంట్రుకలు, అంతే.

మీ అన్నను తిట్టలేను. గొంగడి కొనేవాడు లేడు. సంతలో ప్లాస్టిక్ దుప్పట్లు గుట్టలు పోసి అమ్ముతున్నారు. పోయిన చలికాలం నేసినవి దండెం మీద అట్లే ఉన్నాయి. ఆయన కష్టం ఆయనది. నా కష్టం మాత్రం నీకు చెప్తున్నాను. పెండ్లయి వచ్చిన నాటి నుంచి పొద్దున లేస్తే నా చేతిలో కదురు ఉంది. నల్ల గొర్రెలు పోతే ఆ చెయ్యి ఖాళీ. వంట చేస్తాను, కూలికి పోతాను, అవి అందరూ చేస్తారు. నా ఉన్నిపోగు మాత్రం నాలాగా ఈ ఊళ్లో ఎవరూ వడకరు. అది పోతే నేనేమిటో నాకే తెలియదు.

మీ వదిన
తిరుపతమ్మ

*

హైదరాబాద్
2004 అక్టోబరు

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. కత్తెర మాట రాసినందుకు సిగ్గుపడ్డాను. అన్నకు చెప్పు, ఆ మాట వెనక్కు తీసుకున్నానని.

అన్న అడిగిన దానిలో న్యాయముంది. పోవడం దండుగా కాదా అని నేను కూడా దుకాణానికి వచ్చేవాళ్లను అడుగుతూ వచ్చాను. పోయిన ఏడాది బెంగళూరులో ఇట్లాంటిది జరిగితే వాళ్లలో చాలామంది వెళ్లారు. ఒకాయన అన్నాడు, “పోయేది తక్కువ ధరకు కొందామని, వచ్చేది పనికిరానివి మోసుకుని” అని. ఇంకొకాయన విదేశాల్లో ఆట యాత్రలు అమ్మేవాళ్లు చొక్కా పట్టుకుని వదలలేదన్నాడు. ఒకావిడ మాత్రం కళ్లు మెరిపిస్తూ చెప్పింది. ఆమె ఎడమచేతి వాటం. దుకాణాల్లో ఎడమచేతి కర్రలు ఉండవు, అందరూ తెప్పిస్తామంటారు గానీ తెప్పించరు. ఎక్స్‌పోలో ఒక్కచోట వరసగా నిలబెట్టి ఉన్నాయట. ఏదీ కొనలేదు, ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని చూసిందట. “నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది” అన్నది. అక్కడ వల కట్టి ఎవరినైనా ఉచితంగా బంతి కొట్టి చూడమంటారట. సగం మంది దానికే వస్తారట.

కాబట్టి వదినా, అబద్ధం చెప్పను. అమ్ముడుపోతాయని చెప్పలేను. పోతే ఏమొస్తుందో పోయినవాళ్లకు గానీ తెలియదు. కానీ మన గొంగడి అక్కడ ఒక్కసారి కనపడాలని నాకు మొండి పట్టు పట్టుకుంది.

నీకు గుర్తుందో లేదో, నేను వనపర్తికి డిగ్రీకి పోతానంటే ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కొక్క భయం చెప్పారు. నువ్వు కదురు పక్కన పెట్టి, “బస్సుల పోతది, బస్సుల వస్తది, అంతల ఏమైతది? పోనీయుండ్రి” అన్నావు. మళ్లీ కదురు తీసుకున్నావు. నేను బస్సెక్కాను. ఇక్కడ సూటు వేసుకున్నవాళ్లను ఎంతోమందిని చూస్తున్నాను గానీ, అంత తక్కువ మాటల్లో అంత పని చేసినవాళ్లను ఇంకా చూడలేదు. అన్నను బతిమాలు. ఒక్క టోపీ నేయమను. కోయకుండా ఎట్లా చేయాలో నాకు తెలియదు, నీకు తోస్తుంది.

కావ్య

*

పెద్దకొత్తపల్లి
2004 డిసెంబరు

కావ్యా,

పైన ఊరి పేరు చూసి పరేషాన్ కాకు. మా తమ్ముడు కురుమూర్తి భార్యకు పురుడు. మా అమ్మకు కళ్లు సరిగ్గా కనపడవు, నన్ను రమ్మన్నారు. నాగర్‌కర్నూల్ దాకా బస్సు, అక్కడి నుంచి జీపు. ఆడపిల్ల పుట్టింది, అచ్చం కురుమూర్తి ముక్కు, పాపం.

నేను బయలుదేరే ముందు మీ అన్న మగ్గం విప్పేశాడు. చెక్కలు అటక మీద పెట్టి, నేసేటప్పుడు కాళ్లు దించి కూర్చునే గుంతను మన్నుతో పూడ్చాడు. నేసేది లేనప్పుడు కాళ్లకు అడ్డమెందుకు అన్నాడు. సంచిలో ఉన్ని పెట్టుకుని బస్సెక్కాను. ఈ ఏడు పుట్టిన గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఉన్ని అది, పట్టులాగా ఉంటుంది.

నీ టోపీలు తయారైనాయి. ఎట్లా తయారైనాయో తర్వాత, ముందు ఎట్లా ఉన్నాయో విను. కత్తెర ముట్టలేదు. జానెడు వెడల్పు పట్టీలుగా నేసి, ఒక్కొక్క పట్టీని మధ్యకు మడిచి, రెండు పక్కలా అంచుకు అంచు కలిపి కుట్టినాను. పట్టీ ఎంత ఉంటే టోపీ అంత, కోసి పారేసేది ఏమీ లేదు. బీరప్పకు కోపం రాదు, మీ అన్నకు మాట రాదు. ఒక్కొక్క దాన్ని కొబ్బరికాయకు తొడిగి చూశాను, చెప్పినట్టు పట్టింది. కొబ్బరికాయల కొట్టువాడు నాకేదో మొక్కు ఉందనుకున్నాడు.

మన పద్ధతి ప్రకారం చింతగింజల గంజి మూడుసార్లు గట్టిగా పట్టించాను. పట్నంలో పెద్ద మనుషుల ముందర మెత్తగా వేలాడితే మన పరువేం కాను? ఇప్పుడు బల్ల మీద పెడితే చెంబుల్లాగా నిలబడతాయి. చినుకు పడితే జారిపోతుంది.

నేను రాలేను. ఇద్దరం వస్తే మందను చూసేదెవరు, ఈనే గొర్రెలున్నాయి. మీ అన్ననే పంపిస్తున్నాను. మొన్న బిడ్డను చూడటానికి వచ్చినప్పుడు “చెల్లె ఒక్కతి అంతమంది మొగోల్ల నడుమ నిలబడతదంట” అన్నాను, అంతే, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. టోపీలు ఎవరు నేశారని అడిగాడు. కురుమూర్తి అని చెప్పాను. నువ్వూ ఎక్కువ అడగకు.

ఆయనకు బస్సులో వాంతి అవుతుంది, దిగంగనే నిమ్మకాయ నీళ్లియ్యి.

తిరుపతమ్మ

*

హైదరాబాద్
2005 జనవరి

వదినా,

ఎక్స్‌పో అయిపోయింది. అన్న నిన్న రాత్రి ఆఖరు బస్సెక్కాడు. ఆయన ఇంటికొచ్చి ఏం చెప్తాడో, చెప్పకుండా కూర్చుంటాడో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట ఏడుపు వార్త. నీ టోపీలు కర్రలకు ఎక్కలేదు.

కొబ్బరికాయకు మెడ ఉండదు వదినా. కర్రకు మెడ ఉంటుంది, తల ఒక పక్కకు వాలి ఉంటుంది. టోపీ సాగాలి, తల దాటాక దగ్గరికి రావాలి. నీ గంజికి అవి నిజంగానే చెంబుల్లాగా నిలబడ్డాయి. నేను గొప్పగా బల్ల మీద వరస పేర్చి, వచ్చినవాళ్లందరికీ “మా అన్న నేసినవి, మా ఊరి గొర్రెల ఉన్ని” అని అమ్మకం కోసం ఒక చిన్న అబద్ధం కలిపి చెప్పాను. అన్న నా వెనకాలే నిలబడి ఉన్నాడు. మొదటి మనిషి ఒకటి తీసుకుని కర్రకు తొడగబోయాడు. దిగలేదు. రెండోవాడు బలంగా నొక్కాడు. టకటకమని చప్పుడైంది గానీ దిగలేదు. ఒకాయన దాన్ని తలకిందులు చేసి, “పెన్నులు పెట్టుకోవచ్చు” అన్నాడు. పక్క దుకాణాల పిల్లలు నవ్వారు. సేటు నా వైపు చూడటం మానేశాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అన్న ఒక టోపీ చేతిలోకి తీసుకుని, వేలితో కొట్టి చూశాడు. “గంజి బెట్టిందిర మీ వదినె. గొంగడనుకున్నది” అన్నాడు. తిట్టలేదు. టోపీలన్నీ తువ్వాలలో మూట కట్టి, చాయ్ దుకాణం దగ్గరికి పోయి రెండు బకెట్ల వేడినీళ్లు అడిగాడు. వాడు ఎందుకని అడిగితే, “గొర్లకు తానం” అన్నాడు. ఆ హాలు వెనక నల్లా దగ్గర పంచె ఎగగట్టి, టోపీలను వేడినీళ్లలో వేసి కాళ్లతో తొక్కాడు. పిండి, మళ్లీ తొక్కాడు. సూట్లు వేసుకున్నవాళ్లు చేతులు కడుక్కోవడానికి వచ్చి అక్కడే నిలబడిపోయారు. ఒకరిద్దరు ఫోటోలు తీసుకున్నారు. వదినా, మా అన్నను నేను ఎప్పుడూ మొండివాడుగానే చూశాను. ఆ రోజు ఆ తొక్కుడులో ఒక లయ చూశాను. అందరి ముందర ఇసుమంత కూడా సిగ్గుపడకుండా తన పని తాను చేసుకునే మనిషిని చూసి నాకు గుండె నిండింది.

గంజి పోయింది. తొక్కిన కొద్దీ ఉన్ని చిక్కబడింది, మెత్తబడింది. సగం తడి ఉండగానే ఒక కర్రకు తొడిగితే జారిపోయి, మెడ దగ్గర అతుక్కుని కూర్చుంది. పెద్ద ఫ్యాన్ల కింద ఆరబెట్టాము. హాలంతా తడి గొర్రె వాసన. రెండో రోజు మేజరు సారు వచ్చి, టోపీ కంటే ముందు ఆ వాసన చూశాడు. చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తన కర్రలన్నిటికీ కావాలన్నాడు. ఇంకొంతమంది తీసుకున్నారు. ఎక్కువమంది పట్టుకుని చూసి పెట్టేశారు. అమ్మకం గొప్పది కాదు, సేటు మాత్రం వచ్చే ఏడాది కూడా ఆ మూల నాదేనన్నాడు.

ఇప్పుడు అసలుది. ఆ రెండో రోజు మధ్యాహ్నమే అన్న వల దగ్గరికి పోయాడు. బంతి కొట్టమని పిలిస్తే మొదట వద్దన్నాడు, తర్వాత కర్ర తీసుకున్నాడు. గొర్రెలను అదిలించే కట్టెలాగా పట్టుకున్నాడు. మొదటిది తగలలేదు, రెండోది తగలలేదు, మూడోది పక్కవాడి కాళ్ల దగ్గర పడింది. నవ్వుతూనే ఉన్నాడు. అన్న అట్లా నవ్వడం నేను చిన్నప్పుడు చూశాను, అంతే.

అక్కడ నేర్పించే పిల్లవాడు తెలుగువాడు. అన్న పని తెలుసుకుని, “మీ ఆటే ఇది పెద్దయ్యా. ఎక్కడో చలి దేశంలో గొర్రెల కాపరులు చేతికర్రతో రాళ్లు కొడుతూ మొదలుపెట్టారని చెప్పుకుంటారు” అన్నాడు. నిజమో కట్టుకథో నాకు తెలియదు. అన్న కర్ర కింద ఆనించాడు.

“మల్ల ఆ గొర్లు ఏమైనయ్?” అని అడిగాడు.

పిల్లవాడికి అర్థం కాలేదు. “ఏ గొర్రెలు?”

“ఆల్లు ఆట ఆడుకుంట కూసుంటే, గొర్లు ఏమైనయ్ అంటున్న.”

“ఏమో పెద్దయ్యా, ఆట మిగిలింది. గొర్రెల సంగతి ఎవరికి తెలుసు” అని వాడు నవ్వాడు.

అన్న నవ్వలేదు. కర్ర ఇచ్చేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిగిలిన టోపీ ఒకటి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. గోటితో పోగులు జరిపాడు.

“ఇది కురుమూర్తి నేసింది గాదు” అన్నాడు. “కురుమూర్తి పోగు బిగించే దెబ్బ నాకు తెల్వదా? ఇది ఒక్క దెబ్బ కొట్టేకాడ రెండు కొట్టిండ్రు. మల్ల ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు. ఎవరు నేసిండ్రు కావ్యా?”

నాకు తెలియదన్నాను. అప్పటిదాకా నిజంగా తెలియదు. ఆయన ముఖం చూశాక తెలిసింది. టోపీని జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కేటప్పుడు నిమ్మకాయ నీళ్లు కూడా వద్దన్నాడు.

వదినా, నువ్వేనా? మన ఇండ్లలో ఆడవాళ్లు వడకడమే గానీ మగ్గం గుంతలో దిగడం నేను వినలేదు. ఎవరూ వద్దని రాసిపెట్టలేదు గానీ ఎవరూ దిగలేదు. నువ్వే అయితే, నీ పాదాలు చూపించు, మొక్కుతాను. కానీ అన్న ఏమంటాడోనని నాకు భయంగా ఉంది. జంగయ్య లారీ కూడా వచ్చే రోజులు. వెంటనే రాయి.

కావ్య

*

ఖిల్లా ఘణపూర్
2005 ఫిబ్రవరి

కావ్యా,

వెంటనే రాయమన్నావు. చేతులకు మన్ను అంటి ఉంది, కడుక్కుని కూర్చునేసరికి ఇన్ని దినాలైంది.

ఔను, నేనే. పెండ్లయిన నాటి నుంచి మీ అన్న మగ్గం పక్కన కూర్చుని వడికాను. చెయ్యి కదురు మీద ఉన్నా కన్ను మగ్గం మీదనే ఉండేది. పెద్దకొత్తపల్లిలో కురుమూర్తి పొద్దున మందతో పోయినంక గుంతలో దిగాను. మా అమ్మకు కనపడదు గానీ వినపడుతుంది. “ఎవరే మగ్గం మీద?” అన్నది. నేనే అన్నాను. “అంచు జాగ్రత్త” అన్నది. అంతే. సాయంత్రం కురుమూర్తి వచ్చి అరిచాడు, నలుగురు నవ్వుతారన్నాడు. నవ్వితే పండ్లు కనపడతాయి, నాకేం పోయింది అన్నాను. రెండో రోజు వాడే వచ్చి తెగిన పోగు ముడివేసి పోయాడు.

గంజి సంగతికి నవ్వుకున్నాను, తర్వాత ఏడ్చాను, మళ్లీ నవ్వుకున్నాను. కొబ్బరికాయకు మెడ ఉండదని నువ్వు ముందే చెప్పి ఉండవచ్చు కదా.

ఇక మీ అన్న. పొద్దున బస్సు దిగి వచ్చాడు. కాళ్లకు నీళ్లిచ్చాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాను. అడగకుండానే రెండో రొట్టె వేశాను. అబద్ధం చెప్పి మనిషిని అంత దూరం పంపించాను కదా. చేయి కడుక్కుని వచ్చి జేబులోంచి టోపీ తీసి నా ముందర పెట్టాడు.

“నీ కాళ్లు అందలే గదా” అన్నాడు.

ఏమంటున్నాడో నాకు మొదట తెలియలేదు.

“కురుమూర్తి పొడుగోడు, ఆని గుంత లోతు. తొక్కుడు కర్రలు నీకు అందలే. ఒక కాలు సాపి తొక్కినవ్, అందుకే ఒక పక్క వదులు బడ్డది. రెండో దెబ్బ గందుకే కొట్టినవ్.”

కావ్యా, నేను ఆ గుంతలో ఎట్లా కూర్చున్నానో, ఏ కాలు నొప్పి పుట్టిందో ఆయన అన్నీ ఆ పట్టీలో చూశాడు. నడుము ఎంత గుంజిందో మా అమ్మకు కూడా చెప్పలేదు నేను. మొండివాడు, మాట కరుకువాడు, నిజమే. కానీ తన పని అంతగా ఎరిగిన మనిషి పక్కన ఇన్నేండ్లు బతికానని నాకు ఆ పొద్దు గర్వమనిపించింది. ఆయనతో చెప్పలేదు, చెప్తే నెత్తినెక్కుతాడు.

తెల్లారి గద్వాలకు పోయాడు. జంగయ్యతో ఏమన్నాడో తోడు పోయిన దాయాది ఒకాయన చెప్పాడు. నల్ల మందను ఇయ్యనన్నాడట. జంగయ్య బజారులోనే అరిచాడట.

“కల్లు దాగి మాటిచ్చినవ్ మద్దిలేటి. మాట తప్పినోనివి అనిపించుకుంటవా?”

“అనిపించుకుంట” అన్నాడట మీ అన్న.

నీకు తెలుసు కదా, ఆయన జన్మలో ఇచ్చిన మాట తప్పినవాడు కాదు. ఇంటికి వచ్చి నాలుగు దినాలు తల ఎత్తి తిరగలేదు. జంగయ్య కోపం తగ్గాక పొట్టేళ్లను మాత్రం తోలుకుపోయాడు, ఎప్పుడూ తోలుకుపోయినట్టే. ఆడ గొర్రెలు దొడ్డిలో ఉన్నాయి. రేపు ఎట్లా బతుకుతామో నాకు తెలియదు. నీ మేజరు సారు ఒక్కడు మన మందను సాకలేడు. ఎందుకిట్లా చేశావని అడిగితే మీ అన్న, “ఆట మిగిలి గొర్లు పోవుడు నాకు మంచిగ అనిపించలే” అన్నాడు. ఏ ఆటో, ఎవరి గొర్రెలో నాకు అప్పుడు అర్థం కాలేదు. నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాక అర్థమైంది.

నువ్వు అడిగావు కదా, అక్కడికి పోవడం దండుగా కాదా అని. నాకు ఆట తెలియదు, ఆ హాలు చూడలేదు. కొనడానికి పోయినవాళ్ల సంగతి వాళ్లు చెప్పుకోవాలి. మా ఇంట్లోంచి పోయిన మనిషి ఒకడు, తిరిగి వచ్చిన మనిషి ఒకడు. ఇంతకంటే నాకు చెప్పరాదు. వచ్చే ఏడాది నేనే వస్తాను, మందను మీ అన్న చూస్తాడు. నాకూ ఆ కర్రతో కొట్టి చూడాలని ఉంది.

నిన్న పొద్దున లేచేసరికి పలుగు చప్పుడు. పూడ్చిన గుంతను మీ అన్న మళ్లీ తవ్వుతున్నాడు. సంతోషపడి చాయ్ తీసుకుపోయాను. అది తవ్వడం అయిపోయింది, ఆయన ఇంకా పలుగు దించలేదు. పక్కనే రెండోది మొదలుపెట్టాడు. అది అంత లోతు లేదు. గోడ అవతలి నుంచి మన కులపెద్ద, పెద్ద కురుమ తొంగి చూసి, “ఏంది మద్దిలేటి, ఇంట్ల ఇద్దరు మొగోల్లున్నరా?” అన్నాడు. మీ అన్న పలుగుతో ఇంకో పోటు వేశాడు.

మోకాలి లోతు దాటాక ఆపి, పక్కకు జరిగి, నా వైపు చెయ్యి చాపాడు.

“దిగు” అన్నాడు. “కాళ్లు అందుతున్నయో లేదో సూడు. అందకుంటె మన్ను పోస్త.”

తిరుపతమ్మ